ఐదో సరిహద్దు

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. 'ఇల్లు కొని చూడు' అని మాత్రం అనలేదు. ఆ కాలంలో ఇల్లు కట్టుకునేవారే గాని కొనేవారు తక్కువ కనుక కాబోలు. ఇవాళ కథ తిరగబడింది. ఉద్యోగం చాలించిన గృహస్థు చేతికి ప్రావిడెంటు ఫండు సొమ్ము రాగానే మొదలుపెట్టేది ఇంటి వేట. కట్టి ఉన్న ఇల్లయితే మేస్త్రీతో తగాదా లేదు, సిమెంటు బస్తాలకు కాపలా లేదు. సంతకం పెట్టి తాళంచెవి పుచ్చుకోవడమే.

ఆ సంతకం పెట్టే దస్తావేజును మీరెప్పుడైనా నిదానంగా చదివారా? తూర్పున ఫలానావారి గోడ, దక్షిణాన మునిసిపల్ రోడ్డు, పడమట ఫలానావారి ఖాళీ స్థలం, ఉత్తరాన ఉమ్మడి సందు అని నాలుగు సరిహద్దులూ రాసి ఉంటాయి. గజాలు, అడుగులు, కిటికీలు, తలుపులు, కరెంటు మీటరు, చివరికి పెరట్లో కొబ్బరిచెట్టు కూడా కొందరు రాయిస్తారు. ఇన్ని రాసిన ఆ కాగితంలో రాయని పొరుగు ఒకటున్నది. అది గోడ దూకి వస్తుంది, తలుపు మూసినా వస్తుంది, అర్ధరాత్రి మంచం పక్కకు కూడా వస్తుంది. దాని పేరు చప్పుడు. ఇంటికి అది ఐదో సరిహద్దు.

ఏలూరులో మా మిత్రుడొకాయన మొన్నమొన్నటిదాకా హైస్కూలు మేష్టారు. పదవీ విరమణ కాగానే రైలు పట్టాలకు కాస్త ఇవతలగా ఒక ఇల్లు చూశాడు. చూసింది ఆదివారం మధ్యాహ్నం, భోజనాల వేళ. మూడు గదులు, వెనుక పెరడు, తూర్పు వాకిలి. "గాలీ వెలుతురూ చూడండి మేష్టారూ! స్టేషనుకు నడిచి వెళ్ళిపోవచ్చండి, ఆయ్!" అన్నాడు మధ్యవర్తి. రెండు వీధుల లోపల అంతే ఇంటికి చెప్పే ఖరీదు కంటే ఇక్కడ బాగా తక్కువ. మేష్టారు అది తన అదృష్టమనుకున్నాడు. వాళ్ళావిడ మాత్రం ఇంటి యజమానిని ఒకే ఒక ప్రశ్న అడిగింది:

"అన్నయ్యగారూ, ఇంత లక్షణమైన ఇల్లు ఇంత తక్కువకు ఎందుకిస్తున్నారండీ?"

"మా అబ్బాయి హైదరాబాదు వచ్చెయ్యమంటున్నాడమ్మా" అన్నాడాయన, గోడకేసి చూస్తూ.

ఆవిడకు ఆ జవాబు నచ్చలేదు. "బయానా ఇచ్చేముందు ఒక రాత్రి ఇక్కడ కూర్చుందామండీ" అన్నది భర్తతో. ఆ రాత్రి సంగతి చివర చెబుతాను. ముందు, ఇంటికి ధర అనేది ఎక్కడ పుడుతుందో చూద్దాం.

దారి తెచ్చే ధర

సుమతీ శతకకారుడు నివాసయోగ్యమైన ఊరికి ఏమేమి ఉండాలో ఏనాడో చెప్పాడు. అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఎడతెగక పారే ఏరు ఉండాలన్నాడు. నేటి మాటల్లో చెప్పాలంటే బ్యాంకు, ఆసుపత్రి, మంచినీళ్ళు. ఇళ్ళ స్థలాల ప్రకటన ఏది చూసినా ఇవే వరసగా కనిపిస్తాయి. ఏది దగ్గరో చెప్పాడు గాని, ఎంత చప్పుడులో ఉండాలో ఆయన చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఆనాడు లేదు.

1826లో ఫాన్ థ్యూనెన్ అనే జర్మనీ భూస్వామి ఇదే సంగతిని లెక్క కట్టి చూపాడు. సారం ఒకటే అయినా సంతకు దగ్గరగా ఉన్న పొలానికి ఎక్కువ కౌలు, దూరమైనకొద్దీ తక్కువ కౌలు వస్తుందన్నాడు. అంటే భూమి విలువ మట్టిలో మాత్రమే లేదు, దారిలో ఉన్నది.

ఈ సూత్రానికి ఏలూరు కంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయిన తరువాత గోదావరి కాలువ అటునుంచి, కృష్ణా కాలువ ఇటునుంచి వచ్చి ఏలూరులో కలిశాయి. పడవల మీద ధాన్యం, మనుషులు, ఉత్తరాలు నడిచేవి. ఆనాడు ఊరికి వీధి వాకిలి కాలువ గట్టు. 1890లలో రైలు వచ్చింది. వాకిలి స్టేషను వైపు తిరిగింది. తరువాత బస్సులు, లారీలు వచ్చాయి. వాకిలి మళ్ళీ మద్రాసు నుంచి కలకత్తాకు పోయే గ్రాండ్ నార్తర్న్ ట్రంకు రోడ్డు వైపు తిరిగింది. ఊరు కదలలేదు, దారి కదిలింది. దారి కదిలినప్పుడల్లా ధర దాని వెంట నడిచింది.

చిక్కల్లా ఇక్కడే. స్థలానికి విలువ తెచ్చే ప్రతిదీ చప్పుడును కూడా చంకన పెట్టుకుని వస్తుంది. స్టేషను దగ్గరైతే కూత దగ్గర. బజారు దగ్గరైతే రద్దీ దగ్గర. కల్యాణ మండపం ఎదురైతే బాజాలు ఎదురు. చేరువ ధరను పైకి లాగుతుంది, చప్పుడు కిందికి లాగుతుంది. ఈ రెంటి పెనుగులాటలో ఎక్కడ నిలిస్తే అదే ఆ ఇంటి ఖరీదు.

పట్టాల పక్కన పట్నం

హౌరా, చెన్నై నగరాలను కలిపే ప్రధానమైన రైలు మార్గం ఏలూరు పట్నం మధ్యగా పోతుంది. ఊళ్ళోనే ఏలూరు, పవర్‌పేట అని రెండు స్టేషన్లు. ఆవిరి ఇంజన్ల బొగ్గునుసి పోయింది, డీజిలు పొగ పోయి కరెంటు బళ్ళు వచ్చాయి. చప్పుడు మాత్రం పోలేదు. రైలుబండి రొద ఇంజనులో కంటే చక్రం, పట్టా ఒరుసుకునే చోట ఎక్కువ. పగలు ప్రయాణికుల బళ్ళు, రాత్రి వాటితోపాటు బరువైన గూడ్సు బళ్ళు. గేటు రాబోతున్నదంటే ముందుగానే పట్టాల పక్కన పసుపుపచ్చ పలక మీద డబ్ల్యు, ఎల్ అనే అక్షరాలు కనిపిస్తాయి. అక్కడ కూత వెయ్యాలని డ్రైవరుకు ఆజ్ఞ. అది ప్రాణాలు కాపాడే కూత. దాన్ని తప్పు పట్టలేం. కాని ఆ పలక పక్కనే ఇల్లున్న సంసారికి అర్ధరాత్రి అదొక పరీక్ష.

విచిత్రమేమిటంటే, స్టేషను నుంచి కొద్ది దూరం నడిస్తే ధర పెరుగుతుంది, ఇంకా నడిస్తే మళ్ళీ తగ్గుతుంది. బండి అందుకోవడానికి చాలినంత దగ్గర, కూత వినబడనంత దూరం. అందరికీ కావలసింది ఆ మధ్య పట్టీయే. ఆర్.ఆర్.పేట వంటి చోట్ల ఆసుపత్రులు, దుకాణాలు కిక్కిరిసి ఉంటాయి కనుక రోడ్డు ముఖం ఉన్న స్థలాన్ని వ్యాపారి ఎంతకైనా కొంటాడు. అదే స్థలంలో కాపురం ఉండాలనుకునేవాడు ఆ వెల పెట్టడు, పెట్టలేడు. వ్యాపారికి జనసందడి లక్ష్మీదేవి. సంసారికి అదే తలనొప్పి.

వాస్తు సంగతి చూడండి. వీధిపోటు ఉన్న ఇల్లయితే నిలబడి బేరమాడతాం, లక్షలు తగ్గిస్తేగాని కదలం. చెవిపోటు ఉన్న ఇంటికి మాత్రం బేరమాడం, ఎందుకంటే అది పగటిపూట కనబడదు.

విమానం రాని విమానాశ్రయం

ఏలూరు నుంచి తూర్పుగా వెళితే తాడేపల్లిగూడెం. గూడెం పేరు చెబితే బియ్యం మిల్లులు, ఉల్లిపాయల టోకు బజారు గుర్తుకు వస్తాయి. పంట ఇంటికి వచ్చే రోజుల్లో మిల్లు రాత్రీ పగలూ ఆడుతుంది. మర చప్పుడుకు తోడు ఊక, దుమ్ము, లారీల వరస. ఒకప్పుడు ఈ మిల్లులను ఊరి బయట, రైలుకూ రోడ్డుకూ అందుబాటుగా కట్టుకున్నారు. ఊరు పెరిగి పెరిగి వాటిని చుట్టేసింది. ఇప్పుడు పక్కన ఇల్లు కట్టుకున్నవారు మిల్లు మీద అర్జీలు పెడతారు. 'ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి' అని మిల్లు యజమాని నొచ్చుకుంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. అన్యాయం చేసినవాడు మూడోవాడు. మర ఆగి ఉన్న నెలల్లో ఆ స్థలాలను ప్లాట్లు వేసి, ప్రశాంత వాతావరణం అని చెప్పి అమ్మి, డబ్బు ఎంచుకుని వెళ్ళిపోయినవాడు.

గూడెంలో ఇంకొక చిత్రం కూడా ఉన్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధం రోజుల్లోనే తాడేపల్లిగూడెంలో విమానాలు దిగడానికి రన్‌వే వేశారు. యుద్ధం ముగిసింది, రన్‌వే మిగిలింది. ప్రయాణికుల విమానాలు మాత్రం రాలేదు. వస్తాయన్న కబురు అప్పుడప్పుడు వస్తూనే ఉంటుంది. కొత్త విమానాశ్రయాల ప్రతిపాదనల్లో గూడెం పేరు ఇటీవల కూడా వినబడింది. కబురు వచ్చినప్పుడల్లా స్థలాల ఆసాములు ధర పెంచి చెబుతారు. విమానం వస్తే ఊరికి విలువ పెరుగుతుందన్నది నిజమే. రన్‌వే కొసకు ఎదురుగా ఉన్న ఇంటి సంగతేమిటని అడిగేవారు అరుదు.

పడమటి దేశాల్లో ఆ ప్రశ్న గట్టిగానే అడిగారు. లండనుకు మూడో విమానాశ్రయం ఎక్కడ కట్టాలో తేల్చడానికి 1968లో రోస్కిల్ అనే జడ్జీ అధ్యక్షతన ఒక సంఘాన్ని వేశారు. విమానాల రొద వల్ల ఒక్కొక్క ఇంటికి ఎంత ధర పడిపోతుందో ఆ సంఘం లెక్క కట్టించింది. నిద్ర చెడితే నష్టమెంత అన్నదానికి ఇంటి వెలను తూకపురాయిగా వాడారన్నమాట. 1971లో కబ్లింగ్టన్ అనే పల్లె ప్రాంతం మేలని సంఘం చెప్పింది. ప్రజలు ఒప్పుకోలేదు, ప్రభుత్వం వేరే చోటు ఎంచింది, 1974లో అదీ మానుకున్నది. లెక్క వల్ల విమానాశ్రయం రాలేదు గాని, నిశ్శబ్దానికి కూడా రూపాయల్లో విలువ ఉన్నదని లోకానికి తెలిసింది.

అమెరికాలో జాన్ నెల్సన్ అనే ఆర్థికవేత్త విమానాశ్రయాల మీద జరిగిన అనేక పరిశోధనలను కలిపి 2004లో ఒక లెక్క తేల్చాడు. చప్పుడు ఒక డెసిబెల్ పెరిగితే ఆ దేశంలో ఇంటి ధర సుమారు నూటికి అర నుంచి ఆరు పదోవంతుల దాకా తగ్గుతుంది. మాట వరసకు అదే కొలత ఇక్కడ వేసి చూడండి. రెండు ఇళ్ళు అన్నిట్లోనూ సమానం, ఒకచోట చప్పుడు 10 డెసిబెళ్ళు ఎక్కువ. 50 లక్షల ఇంటికి రెండున్నర నుంచి మూడు లక్షల తేడా రావాలి. మన ఊళ్ళలో ఆ అంకె అచ్చంగా అంతే ఉంటుందని కాదు. తేడా ఉంటుందన్నది ముఖ్యం. అది ఎవరి జేబులోకి పోతుందన్నది ఇంకా ముఖ్యం.

రోడ్డు తప్పుకుంటే

చప్పుడు తప్పుకుంటే ఏమవుతుందో కూడా గూడెం చూస్తున్నది. మునుపు 5వ నంబరు, తరువాత 16వ నంబరు జాతీయ రహదారి గుండుగొలను నుంచి తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా రావులపాలెం పోయేది. 2020 తరువాతి సంవత్సరాల్లో గుండుగొలను నుంచి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు కొత్త మార్గం వచ్చింది. దూరం పోయే లారీలకు గూడెం, తణుకు తాకవలసిన పని తప్పింది.

లారీ తగ్గితే నిద్ర పెరుగుతుంది, టీకొట్టు గల్లా తగ్గుతుంది. పాత రోడ్డు ముఖాన పంక్చరు కొట్టు, దాబా నడుపుకునేవాడికి నిశ్శబ్దం అంటే ఖాళీ బెంచీ. అదే రోడ్డు మీద పిల్లల చదువు కోసం ఇల్లు కొనదలచినవాడికి అదే నిశ్శబ్దం వరం. ఇక కొత్త దారి పక్కన పల్లెల్లో సెంటు ధర పెరిగిందని సంబరపడేవారి కిటికీల్లోకి రాత్రి లారీ దీపాలు తొంగి చూస్తాయి. చప్పుడు మాయం కాదు, ఇల్లు మారుతుంది.

కొల్లేటి నిశ్శబ్దం

అలాగైతే నిశ్శబ్దం నిండుగా ఉన్న చోట ఇళ్ళకు ధర ఆకాశాన్ని అంటాలి కదా? కొల్లేటికి పోయి చూద్దాం రండి.

ఏలూరుకు దక్షిణంగా పైడిచింతపాడు, ప్రత్తికోళ్లలంక, గుడివాకలంక వంటి లంక గ్రామాలున్నాయి. రైలు కూత లేదు, మిల్లు మర లేదు. శీతకాలంలో పక్షుల కూతలే. ఆటపాక వైపు పోతే గూడబాతులు గుంపులుగా కనిపిస్తాయి. పట్నవాసికి స్వర్గం అనిపిస్తుంది. అయినా ఇక్కడ ఇంటి స్థలానికి ఏలూరు ధర రాదు. ఎందుకంటే చేరువ లేని నిశ్శబ్దానికి గిరాకీ లేదు. ఆసుపత్రికి పోవడానికి దారి సరిగా లేని చోట ప్రశాంతతను ఎవరు కొంటారు?

ఇక్కడ ధరను నిర్ణయించేది నీరు. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు తెచ్చి పోసే వరద కొల్లేటిలో నిలుస్తుంది, సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ నీరంతా కొల్లేటికే చేరింది. ఏలూరు, కైకలూరు నడుమ రాకపోకలు తెగిపోయాయి. అటువంటి చోట ఒక అడుగు మెరక అంటే ఒక అంతస్తు మేడతో సమానం. పట్నంలో ఇంటి విలువ రోడ్డును బట్టి, లంకలో ఇంటి విలువ మెరకను బట్టి.

దానికి తోడు కంటికి కనపడని గీత ఒకటి. 1999లో ప్రభుత్వం కొల్లేటిని ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్సర్ చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగ్గొట్టించింది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యానికి ప్రకటన వెలువడ్డాక ఆ నేల మీద వారసత్వంగా వచ్చే హక్కులు తప్ప కొత్త హక్కులు పుట్టవు. అమ్మకం, కొనుగోలు లేనిచోట ధర ఎక్కడి నుంచి వస్తుంది? గీతకు అటు ఒక లోకం, ఇటు ఒక లోకం. చూడండి, ఇక్కడ కూడా దస్తావేజులోని నాలుగు సరిహద్దులు చాలలేదు. అయిదోది ఒకటి వచ్చి కూర్చున్నది.

పోనీ, నిశ్శబ్దమైనా నిలిచిందా? గీతకు వెలుపల ఆకివీడు, కైకలూరు వైపు చెరువుల గట్ల మీద ఒక రాత్రి నిలబడండి. చీకటి పడ్డాక నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, తెల్లవారుజామున మరీ తగ్గుతుంది. రొయ్య చావకుండా చక్రాల మరలు నీటిని చిలుకుతూనే ఉండాలి. కరెంటు పోతే జనరేటరు అందుకుంటుంది. చెరువు యజమానికి ఆ చప్పుడు ధైర్యం. అది ఆగితేనే ఆయనకు మెలకువ వస్తుంది. ఆ గట్టు పక్కన పాకలో కాపలా ఉండే సంసారానికి ఆ చప్పుడులో వాటా ఉన్నది గాని, రొయ్యల లాభంలో లేదు.

చట్టం చెవి

చప్పుడుకు మన దేశంలో చట్టం లేకపోలేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు దాటరాదు. బజారులో 65, 55. పరిశ్రమల చోట 75, 70. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల లోపల 50, 40. రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు దాకా. ఆ వేళల్లో బయట మైకు పెట్టరాదు. పండుగల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి పన్నెండు దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. 2005లో సుప్రీంకోర్టు ఈ విషయంలో గట్టి తీర్పే ఇచ్చింది. మైకు ఏ దేవుడిదైనా, ఏ పెళ్ళిదైనా, ఏ పార్టీదైనా నిబంధన ఒకటే.

అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి గాని, పది డెసిబెళ్ళు పెరిగితే చెవికి చప్పుడు సుమారు రెట్టింపుగా తోస్తుంది. రాత్రివేళ రైళ్ళ రొద సగటున 44 డెసిబెళ్ళు దాటకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా దేశాలకు సూచించింది. నిద్ర చెడిపోవడం ఒక్కటే కాదు, రక్తపోటు, గుండెజబ్బు కూడా దాని వెనుక ఉన్నాయని వైద్యులు చెబుతున్నారు.

మరి రిజిస్ట్రారు కచేరీలో? అక్కడ ప్రాంతాన్నిబట్టి, డోరు నంబర్లనుబట్టి గజానికి ఇంత అని ప్రభుత్వం విలువ కట్టి ఉంచుతుంది. స్టాంపు రుసుము దాని మీద. ఆ పట్టికలో బజారుకు, నివాసానికి తేడా ఉన్నది గాని, చప్పుడుకు గడి లేదు. ఒకే వీధిలో పట్టాల పక్క ఇల్లు, నాలుగిళ్ళ ఇవతలి ఇల్లు సాధారణంగా సర్కారు దృష్టికి ఒకటే.

కొనేవారికి నాలుగు మాటలు

ఇల్లు చూడడానికి ఒకసారి కాదు, నాలుగుసార్లు వెళ్ళండి. తెల్లవారుజామున ఒకసారి, బడివేళ ఒకసారి, పెళ్ళిళ్ళ రోజుల్లో రాత్రి ఒకసారి, నడిరాత్రి ఒకసారి. మిల్లు దగ్గరగా ఉంటే పంట రోజుల్లో చూడండి. తమ్మిలేటి పాయలు చేరువగా ఉంటే వానాకాలంలో చూడండి.

కిటికీలు తీసి వినండి, మూసి వినండి. ఒకే మర నుంచి వచ్చే చప్పుడు దూరం రెట్టింపు అయినప్పుడల్లా 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. ఎడతెగని రోడ్డు రొద మాత్రం 3 డెసిబెళ్ళే తగ్గుతుంది. చప్పుడు పుట్టే చోటును కంటికి కనబడకుండా అడ్డే గోడ అయితే పనికి వస్తుంది. ఒక వరస చెట్లు కంటికి చల్లదనమే గాని చెవికి కాదు. పడకగది రోడ్డు వైపు కాక పెరటి వైపు ఉన్నదా అని చూడండి.

అమ్మేవారిని అడగకండి. మధ్యవర్తిని అంతకన్నా అడగకండి. ఇస్త్రీ బండి అతన్ని, ఎదురింటి అద్దెవారిని అడగండి. వాళ్ళకు అమ్మేది ఏమీ లేదు.

ఆ రాత్రి

మేష్టారి సంగతి మరిచిపోలేదు. ఆ దంపతులు ఒక శనివారం రాత్రి యజమాని అనుమతితో ఆ ఇంటి వరండాలో చాప వేసుకుని కూర్చున్నారు. పదకొండు దాటాక మొదటి గూడ్సు బండి వచ్చింది. వంటింట్లో అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. మేష్టారు ఏదో అన్నాడు, పక్కనున్న ఆవిడకు వినబడలేదు. ఆవిడ సంచిలోంచి చీటీ తీసి ఒక గీత గీసింది. బండి వచ్చినప్పుడల్లా ఒక గీత. తెల్లవారేసరికి చీటీకి ఒక పక్క నిండి రెండో పక్కకు తిరిగింది.

పొద్దున్నే ఆ చీటీ యజమాని ముందు పెట్టింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నాడు: "మా ఇంటిదానికి పదేళ్ళుగా నిద్రమాత్ర లేనిదే నిద్ర లేదమ్మా. అబ్బాయి పిలవడం అబద్ధం కాదు. కాని నిజమంతా అది కాదు." ఇంకో రెండు లక్షలు తగ్గిస్తానన్నాడు. మేష్టారు ఊగిసలాడాడు గాని ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి రెండు వీధుల లోపల రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. మూడో గదిని అమ్మి నిద్ర కొనుక్కున్నారన్నమాట.

ఆ పట్టాల పక్క ఇల్లు ఖాళీగా ఉన్నదనుకుంటున్నారా? లేదు. యజమాని హైదరాబాదు పోతూ దాన్ని తక్కువ అద్దెకు ఇచ్చాడు. దిగినవాడు ఒక గోడౌనులో రాత్రి కాపలాదారు. రాత్రంతా డ్యూటీ, పగలే నిద్ర. వాడికి కూతురు పదో తరగతి. రైళ్ళు రాత్రీ నడుస్తాయి, పగలూ నడుస్తాయి.

మొన్న మేష్టారింటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి వచ్చింది. వీధి ప్రశాంతంగా ఉన్నది, గడియారం చప్పుడు వినబడుతున్నది. కాఫీ గ్లాసు నా ముందు పెడుతూ ఆవిడ అన్నది:

"వాళ్ళు సామాను దించుకుంటుంటే నేను ఆ దారినే వచ్చానండీ అన్నయ్యగారూ. చీటీ నా సంచిలోనే ఉన్నది. చూపిద్దామనుకున్నాను. చూపిస్తే మాత్రం, ఆ అద్దెకు వాళ్ళు ఇంకెక్కడికి పోతారు?"

నేనూ మేష్టారూ జవాబు చెప్పలేకపోయాం. దూరంగా, ఎక్కడో, సన్నగా, రైలు కూత వినిపించింది.